ఆ వెండి చిల్లర సామాను కాదు: ఉత్తర అమెరికా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

ఉత్తర అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, వారాంతాల్లో పిల్లలకి తెలుగు నేర్పుతున్న టీచర్లకు,

నమస్కారం.

ఈ మధ్య ఒక తెలుగు వేడుకలో పిల్లల నాటిక చూశాను. ఏ ఊరు, ఏ సంఘం అన్నది ఇక్కడ అనవసరం, ఇలాంటిది ఎక్కడైనా జరిగేదే. తలకి ఈకలు కట్టుకుని ఇక్కడి ఆదివాసుల వేషం వేసిన నలుగురు పిల్లలు బీవర్ (నీళ్ళలో బతికే ఒత్తు బొచ్చు జంతువు) తోళ్ళ మోపు తెచ్చి దొర ముందు పడేశారు. దొర వేషం వేసిన అబ్బాయి జేబులోంచి తళతళలాడే వెండి బిళ్ళ తీసి ఊపాడు. అంతే, నలుగురూ నోళ్ళు తెరుచుకుని, గంతులేసి, మోపంతా వదిలేసి బిళ్ళ పట్టుకుని వెళ్ళిపోయారు. హాలంతా ఒకటే నవ్వు. రాసినవాళ్ళ మనసులో చెడు లేదు. తెల్లవాళ్ళు ఎంత మోసం చేశారో పిల్లలకి తెలియాలనే రాశామన్నారు. కానీ ఆ రోజు హాల్లో అందరూ నవ్వింది మోసగాణ్ణి చూసి కాదు, ఈకలు కట్టుకున్నవాళ్ళని చూసి.

"పాపం అమాయకులు, గాజుపూసలకీ వెండిముక్కలకీ అడవులు ఇచ్చేశారు" అన్న మాట మన పాఠాల్లోనూ కబుర్లలోనూ బాగా పాతుకుపోయింది. మనం ఇళ్ళు కొనుక్కుని, పిల్లల్ని పెంచుకుని, బతుకమ్మ ఆడుకుంటున్న ఈ నేల ఆ ఆదివాసులది. వాళ్ళ గురించి మన వేదికల మీద తప్పు కథ చెప్పడం నాకు చాలా బాధగా ఉంది. ఆ కథ ఆపేసి అసలు జరిగింది చెప్పమని అడగడానికే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైతే మన్నించండి, చెప్పాల్సింది చాలా ఉంది.

ఐరోపాలో బీవర్ బొచ్చుతో చేసే ఫెల్ట్ టోపీలకి విపరీతమైన గిరాకీ ఉండేది. అక్కడి బీవర్లు దాదాపు అయిపోయాక వర్తకుల చూపు ఇటు మళ్ళింది. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ 1670లో ఇచ్చిన పత్రంతో హడ్సన్స్ బే కంపెనీ పుట్టింది. టొరంటోలో మనవాళ్ళు చారల దుప్పట్లు, చలికోట్లు కొనుక్కున్న ఆ దుకాణాలు, 2025లో దివాలా తీసి మూతపడినవి, ఆ కంపెనీవే. మాంట్రియల్ నుంచి ముందు ఫ్రెంచి వర్తకులు, 1779 తరవాత నార్త్ వెస్ట్ కంపెనీ దానికి పోటీగా నిలిచారు. తోళ్ళకి బదులుగా తుపాకులు, మందుగుండు, రాగి ఇత్తడి పాత్రలు, కత్తులు, ఉన్ని దుప్పట్లు, నూలుబట్ట, పూసలు, సారా వెళ్ళాయి. ఆ నూలుబట్టలో కాలికో అనేది మొదట మన దేశం నుంచి వెళ్ళిన సరుకే. 1721లో ఇంగ్లండ్ తన దేశంలో దాని వాడకం నిషేధించాక కూడా ఈస్టిండియా కంపెనీ తెచ్చిన బట్ట లండన్ మీదుగా అమెరికాలోని వలస రాజ్యాలకి చేరుతూనే ఉంది. వెండి నగలు ఈ సరుకుల్లోకి ఆలస్యంగా వచ్చాయి. వాటి కాలం సుమారుగా 1760 నుంచి 1820 దాకా.

ఈ నగలు ఎక్కడ తయారయ్యేవో చూస్తే వ్యాపారం ఎంత పెద్దదో తెలుస్తుంది. మాంట్రియల్‌లో రాబర్ట్ క్రుక్‌షాంక్ అనే వెండి పనివాడు తన పేరులోని ఆర్, సి అక్షరాలు ముద్రగా కొట్టి బ్రోచ్‌లు (బట్టకి గుచ్చుకునే బిళ్ళలు), దండకడియాలు, శిలువలు చేయించేవాడు. అదే ఊళ్ళో పియరీ హ్యుగె లాతూర్ అనే అతను విగ్గులు తయారుచేసే వృత్తి నుంచి ఈ వెండి వ్యాపారంలోకి వచ్చాడు. గిరాకీ అలా ఉండేది మరి. ఫిలడెల్ఫియాలో జోసెఫ్ రిచర్డ్‌సన్ చేసేవాడు. షికాగో తొలి వలసదారుల్లో ఒకడని చరిత్రలో చెప్పుకునే జాన్ కింజీ కూడా వెండి పనివాడే. అక్కడి ప్రజలు అతన్ని వెండి మనిషి అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. నాణేలు కరిగించి, పల్చటి రేకులుగా సాగదీసి, వాటిలోంచి నగలు కోసేవారు.

వీళ్ళు తమకి తోచినవి చేసి అమ్ముకోలేదు, అడిగినవి చేశారు. అనిషినాబే, హోడెనొషోనీ (సెనెకా, ఒనొండాగా లాంటి జాతుల సమాఖ్య), లెనాపే, షానీ అనే ఇక్కడి ఆదివాసీ జాతుల ప్రజలు ఏవి తీసుకుంటారో, ఏవి వద్దంటారో వర్తకులకి బాగా తెలుసు. నచ్చని సరుకు అడవిలోంచి పడవల మీద మోసుకొచ్చినంత దూరం మళ్ళీ వెనక్కి మోసుకెళ్ళాల్సిందే. తోళ్ళు గీకి, పదును చేసి, అమ్మకానికి సిద్ధం చేసింది ఎక్కువగా ఆడవాళ్ళు. బదులుగా ఏం తీసుకోవాలన్న దగ్గర వాళ్ళ మాట చెల్లేది.

ఆ బ్రోచ్ ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే మీకే తెలుస్తుంది. మన పాత పావలా అంత గుండ్రటి పల్చని రేకు, ఇంకా చిన్నవీ ఉంటాయి. మధ్యలో కన్నం. కన్నానికి అడ్డంగా ఒక సన్నటి ముల్లు, ఒక చివర మాత్రమే రేకుకి చుట్టి ఉంటుంది. బట్టని వెనకనుంచి ఆ కన్నంలోకి చిన్న మడతగా పైకి లాగి, మడతలోంచి ముల్లు గుచ్చి వదిలేస్తారు. బట్ట సర్దుకోగానే ముల్లు రేకు మీద పడుకుని బిగుసుకుంటుంది. కుట్టు లేదు, కొక్కెం లేదు. ఇలాంటివి వందలకొద్దీ, ఒకదాని అంచు ఇంకోదాని మీదకి వచ్చేలా, ఒకే పైబట్ట మీద భుజాల నుంచి నడుం దాకా పెట్టుకునేవారు. ఐరోపాలో ఎవరూ ఇలా పెట్టుకోలేదు. వస్తువు నమూనా అక్కడిదైనా, పెట్టుకునే తీరు, ఆ అందం, దాని అర్థం వీళ్ళవి.

అర్థం గురించి కూడా చెప్పాలి. తెల్లగా, వెలుగు చిమ్మే వస్తువులకి ఈ ప్రాంతపు ప్రజల ఆలోచనలో వెండి రాకముందు నుంచే గౌరవముంది. తెల్ల గవ్వపూసలు, అభ్రకం, మెరిసే రాగి ఆ కోవలోవి. వెండి వచ్చి ఆ వరసలో నిలబడింది. రెండు అడ్డకమ్మీలున్న శిలువ ఫ్రెంచి కేథలిక్కుల నుంచి వచ్చింది. మిషనరీలకి అది మతం గుర్తు, కానీ దాన్ని మెడలో వేసుకున్న చాలామందికి అందులో తూనీగ కనిపించేదని, కింది భాగం వెడల్పు చేసి చెక్కితే బీవర్ కనిపించేదని చెబుతారు.

ఇంకోటి, కిరీటం పెట్టిన హృదయం ఆకారపు బ్రోచ్. ఇది స్కాట్లండ్‌ది. ఎడిన్‌బరోలో ప్రేమించినవాళ్ళకి ఇచ్చుకునేవారు, పసిపిల్లలకి దిష్టి తగలకుండా బట్టకి గుచ్చేవారు కూడా. హోడెనొషోనీ ప్రజలు దాన్ని తీసుకుని పూర్తిగా తమది చేసుకున్నారు. కిరీటం కాస్తా ఈకల తలపాగాగానో గుడ్లగూబగానో మారింది. బయటి నుంచి వచ్చే వెండి తగ్గిపోయాక వాళ్ళే స్పానిష్, అమెరికన్, కెనడా నాణేలు సుత్తితో సాగగొట్టి, సొంతంగా ఈ బ్రోచ్‌లు చేయడం మొదలుపెట్టారు. 19వ శతాబ్దంలో సెనెకా, ఒనొండాగా ఊళ్ళలో సొంత వెండి పనివాళ్ళు ఉండేవారు. స్కాటిష్ ప్రేమికుల గుర్తు ఆ జాతి గుర్తుగా నిలిచిపోయింది.

మన తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు విక్టోరియా రాణి బొమ్మ, ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయలకి కొక్కేలు వేయించి హారాలుగా కట్టుకున్నారు. వాళ్ళని చూసి "రాణి బొమ్మకి మోసపోయారు" అని మనలో ఎవరూ అనరు. అది ఆ అమ్మ ఆస్తి అని, కష్టకాలంలో ఆసరా అని, తన మనుషుల గుర్తు అని మనకి తెలుసు. ఆ మర్యాద ఇక్కడివాళ్ళకి ఎందుకు ఇవ్వం?

ఇక రాజకీయం. హోడెనొషోనీ సమాఖ్యకీ ఇంగ్లీషువాళ్ళకీ మధ్య పొత్తుని వెండి గొలుసు అనేవారు. మొదట తాడుతో కట్టుకున్నాం, తరవాత ఇనుప గొలుసు, ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి ఇప్పుడు వెండి గొలుసు అని పెద్దలు సభల్లో చెప్పేవారు. వెండికి తుప్పు పట్టదు, కానీ మెరుగు తగ్గుతుంది. అందుకని తరచూ కలవాలి, మాట్లాడుకోవాలి, కానుకలిచ్చుకోవాలి. గొలుసుకి మెరుగు పెట్టడం అని దాన్నే అనేవారు. అంటే ఆ కానుకలు లంచం కాదు, బిచ్చం అంతకన్నా కాదు. మా నేల మీద మీరు కోటలు కట్టుకుని ఉంటున్నందుకు మాట నిలబెట్టుకుంటున్నామని మీరు చూపించే రుజువు అన్నమాట.

ఇది తెలియని మనిషి ఒకడు వచ్చి ఏం చేశాడో డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటున్న మన పిల్లలందరికీ తెలియాలి. ఫ్రెంచివాళ్ళు ఓడిపోయాక బ్రిటిష్ సేనాపతి జెఫ్రీ ఆంహర్స్ట్, గెలిచాం కదా ఇంకా కానుకలు దేనికి అనుకుని, వాటిని ఆపేశాడు. మందుగుండు ఇవ్వడం కూడా తగ్గించాడు. గొలుసు తెగింది. 1763 మేలో ఒడావా అనే ఆదివాసీ జాతి నాయకుడు పాంటియాక్ డెట్రాయిట్ కోటని ముట్టడించాడు. ఆ వేసవిలో ఎనిమిది బ్రిటిష్ కోటలు పడిపోయాయి. ఆంహర్స్ట్‌ని వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో బ్రిటిష్ రాజు మూడో జార్జి ఒక ప్రకటన చేసి, అపలేషియన్ కొండలకి పడమర వలసదారులు సొంతంగా భూమి కొనకూడదన్నాడు. 1764లో ఆదివాసీ వ్యవహారాలు చూసే బ్రిటిష్ అధికారి విలియం జాన్సన్ నయాగరా దగ్గర రెండు డజన్ల దాకా జాతుల ప్రతినిధులతో సభ పెట్టి, గవ్వపూసల పట్టీలు, వెండి పతకాలు ఇచ్చాడు. ఆ పతకాల మీద "కలిసి ఉన్నంతకాలం సుఖం" అనే అర్థం వచ్చే మాట చెక్కించారు. వెండికి కళ్ళు చెదిరే మనుషులు ఒక సామ్రాజ్యాన్ని ఇలా దారికి తేగలరా?

మోసం జరగలేదని నేను అనడం లేదు. జరిగింది, చాలా పెద్దగా జరిగింది. సారా పోసి, అప్పుల్లో ముంచి, మశూచి తెచ్చి, చివరికి కాగితాలతో చేశారు. ఫిలడెల్ఫియా సంఘం వాళ్ళు 1737 నాటి నడక ఒప్పందం గురించి పిల్లలకి చెప్పొచ్చు. ఒక మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత మేర భూమి ఇచ్చినట్టు పాత కాగితం ఉందని చెప్పి, పెన్సిల్వేనియా వలసని స్థాపించిన విలియం పెన్ కొడుకులు దారి ముందే చదును చేయించి, వేగంగా పరిగెత్తే మనుషుల్ని పెట్టి, లెనాపే ప్రజల నేల లాగేసుకున్నారు. ఆ గాయం సలుపుతూనే ఉండి, ఫ్రెంచివాళ్ళతో యుద్ధం వచ్చాక, 1756లో క్వేకర్లు (యుద్ధం వద్దనే ఒక క్రైస్తవ శాఖవాళ్ళు) శాంతి కోసం ఒక సంఘం పెట్టారు. రిచర్డ్‌సన్ వెండి వాళ్ళకే చేశాడు. 1757 నాటి ఆ పతకం మీద చెట్టు కింద నిప్పు దగ్గర ఒక క్వేకరూ ఒక లెనాపే మనిషీ కూర్చుని ఉంటారు. ఆ బొమ్మ చెక్కించినవాళ్ళకి తమవాళ్ళు చేసిన తప్పు బాగా తెలుసు.

మిచిగన్‌లో మన ట్రాయ్, నోవై, కాంటన్ ఉన్న ఆగ్నేయ భాగం 1807 డెట్రాయిట్ ఒప్పందంలో పోయింది. 1819లో సాగినా ఒప్పందంతో మిచిగన్ గవర్నర్ లూయిస్ కాస్ ఇంకో 60 లక్షల ఎకరాల దాకా రాయించుకున్నాడు. ఆ సభకి సారా పీపాలు కూడా చేరాయి. బదులుగా ఒప్పందంలో రాసింది ఏటా 1000 డాలర్ల వెండి, ఎప్పటికీ. మన పిల్లలు లెక్కలు బాగా చేస్తారు కదా, ఎకరానికి ఎంత పడిందో చేయమనండి. వెండి చూపించి మోసం చేసిన రోజు ఏదైనా ఉంటే అది ఇదీ. అప్పుడు కూడా ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఏం జరుగుతోందో తెలుసు, తెలిసి ఎదురు మాట్లాడారు కూడా.

బఫెలో, రాచెస్టర్‌లలో ఉన్నవాళ్ళకి దగ్గర్లోనే ఇంకా గొప్ప కథ ఉంది. 1792లో జార్జి వాషింగ్టన్ సెనెకా వక్త రెడ్ జాకెట్‌కి కోడిగుడ్డు ఆకారంలో పెద్ద వెండి పతకం ఇచ్చాడు. దాని మీద వాషింగ్టన్, ఎదురుగా శాంతికి గుర్తుగా తాగే పొగాకు గొట్టం పట్టుకున్న ఒక సెనెకా మనిషి ఉంటారు. వాళ్ళ వెనక దూరంగా ఇంకో మనిషి ఎద్దులతో నేల దున్నుతుంటాడు. ఆ చిన్న బొమ్మ మీద వేలు పెట్టి పిల్లలకి చూపించండి. ముందు స్నేహం, వెనక నాగలి. రాబోయేదేమిటో ఆ పతకం మీదే చెక్కి ఉంది. రెడ్ జాకెట్ తరవాత అది ఈలీ పార్కర్‌కి వచ్చింది. 1865లో అమెరికా అంతర్యుద్ధం చివర్లో అపొమాటాక్స్‌లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయినప్పుడు షరతుల కాగితం తన చేత్తో రాసిన సెనెకా మనిషి ఆయన. ఆయన పోయాక పతకం బఫెలోలోని మ్యూజియం చేతికి వెళ్ళి, వందేళ్ళకి పైగా అక్కడే ఉండిపోయింది. 2021లో సెనెకా నేషన్‌కి తిరిగి వచ్చింది. సలమాంకాలో వాళ్ళ సొంత సాంస్కృతిక కేంద్రం ఉంది, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. మిచిగన్‌వాళ్ళకి మౌంట్ ప్లెజెంట్‌లో సాగినా చిప్పెవా ప్రజలు నడిపే జీబివింగ్ సెంటర్ ఉంది. వాళ్ళ చరిత్ర వాళ్ళ నోటనే వినిపించే చోటికి పిల్లలు ఒక్కసారి వెళ్ళొస్తే చాలు, మనం చెప్పే పది పాఠాల పని అవుతుంది.

తెలుగు టీచర్లకి ప్రత్యేకంగా ఒక మాట. గుణింతాలు నేర్పేటప్పుడు సెక్వోయా గురించి చెప్పండి. ఆయన చెరొకీ అనే ఆదివాసీ జాతివాడు, వృత్తి వెండి పని. తన వస్తువుల మీద సంతకం ముద్ర వేసుకోవడానికి పేరు ఎలా రాయాలో ఇంకొకర్ని అడగాల్సి వచ్చిందని చెబుతారు. చదువు రాని ఆ మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని, 1821 కల్లా చెరొకీ భాషకి లిపి తయారుచేశాడు. ఒక్కో అక్షరం ఒక్కో పలుకుకి. 1828లో ఆ లిపిలో పత్రిక కూడా అచ్చయింది. అక్షరాల మీద ఇంత ప్రేమున్న మన పిల్లలకి ఆ పేరు తెలియకపోవడం అన్యాయం.

మనలో పాత నాణేలు, పాత వెండి సేకరించేవాళ్ళు చాలామందే ఉన్నారు, నాకు తెలుసు. వాళ్ళకి మీ ద్వారా ఒక విన్నపం. ఫర్ (బొచ్చుతోళ్ళ) వ్యాపారం నాటి వెండి అని వేలంలోనో ఆన్‌లైన్‌లోనో కనిపిస్తే, ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. చనిపోయినవాళ్ళతో పాటు వాళ్ళ వెండి కూడా పాతిపెట్టేవారు. గ్రేట్ లేక్స్ ప్రాంతంలో ఆ సమాధుల్ని తవ్వి తీసిన సరుకు చాలా ఏళ్ళు చేతులు మారింది. మీ అరచేతిలో ఉన్న బ్రోచ్ ఎవరి అమ్మమ్మ గుండెల మీది నుంచి వచ్చిందో మీకు తెలియదు. దానికి తోడు పాత ముద్రలు కొట్టిన నకిలీలూ తిరుగుతున్నాయి. ప్రభుత్వ నిధులు తీసుకునే మ్యూజియాలు ఇలాంటివి వెనక్కి ఇవ్వాలని 1990లో చట్టం వచ్చింది. 2024 జనవరి నుంచి నిబంధనలు ఇంకా గట్టిపడి, వారసుల లేదా ఆ జాతుల అనుమతి లేకుండా ప్రదర్శనకి పెట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది. న్యూయార్క్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం అప్పుడే రెండు పెద్ద హాళ్ళు మూసేసింది. కానీ ఇంట్లో అల్మారాలో పెట్టుకున్న మనిషి దగ్గరకి ఆ నిబంధనలు అంత సులువుగా రావు. అక్కడ మన మనస్సాక్షే పని చేయాలి.

వెండి మీద ఇష్టం ఉంటే ఇవాళ పని చేస్తున్నవాళ్ళ దగ్గర కొనండి. ఒంటారియోలో గ్రాండ్ రివర్ ఒడ్డున సిక్స్ నేషన్స్ నేలలో, న్యూయార్క్‌లో హోడెనొషోనీ ఊళ్ళలో హృదయం బ్రోచ్‌లు ఇప్పటికీ చేత్తో చేసేవాళ్ళున్నారు. మన మహాసభల నగల స్టాళ్ళలో దిగుమతి చేసుకున్న వెండికి "నేటివ్ డిజైన్" అని చీటీ తగిలించి అమ్మడం నేను చూశాను. ఆదివాసీ పనివాళ్ళు చేయనిదాన్ని వాళ్ళు చేసినట్టు అమ్మితే అమెరికాలో అది నేరం. స్టాళ్ళకి అనుమతి ఇచ్చే కమిటీలు దీన్ని రూల్‌గా రాసిపెట్టాలి. వీలైతే ఆ పనివాళ్ళకే ఒక స్టాల్ ఉచితంగా ఇవ్వండి. మన నగల దుకాణాల మధ్యలో వాళ్ళని కూర్చోబెట్టండి. వెండి విలువ తెలిసిన మన ఆడవాళ్ళు వాళ్ళ పని చూసి మాట్లాడుకోకుండా ఉండరు.

మహాసభల్లో మొదట్లో ఈ నేల ఫలానావారిదని రెండు వాక్యాలు చదవడం ఇప్పుడు కొన్నిచోట్ల మొదలైంది. మంచిదే. కానీ రెండు వాక్యాలు చదివి వెంటనే డీజే పెట్టేస్తే అది మొక్కుబడి. ఆ జాతి నుంచి ఒకరిని పిలిచి, దారి ఖర్చులూ గౌరవ వేతనమూ ఇచ్చి, అరగంట వేదిక ఇవ్వండి. సినిమావాళ్ళకి ఇచ్చే సమయంలో అది ఎంత?

చివరిగా, ఈ ఏడాదే చేయగలిగిన పని ఒకటి. 1794 నవంబరు 11న న్యూయార్క్ రాష్ట్రంలోని కెనండెయిగ్వాలో హోడెనొషోనీ సమాఖ్యకీ అమెరికాకీ ఒప్పందం కుదిరింది. అది ఇంకా అమల్లోనే ఉంది. ఆ ఒప్పందం ప్రకారం అమెరికా ప్రభుత్వం ఇప్పటికీ ఏటా వాళ్ళకి బట్ట పంపుతుంది. గజాలు తగ్గినా, బట్ట నాసిరకమైనా వాళ్ళు వద్దనరు, మాట బతికే ఉందని దాని అర్థం. ఏటా నవంబరు 11న ఆ ఊళ్ళో జరిగే సభకి బయటివాళ్ళూ వెళ్ళొచ్చు. రాచెస్టర్, బఫెలో, సిరక్యూస్ సంఘాలు కలిసి పెద్ద పిల్లల కోసం ఒక బస్సు వేయండి. డెట్రాయిట్, టొరంటోల నుంచి వచ్చేవాళ్ళ పేర్లు నేను రాసుకుంటాను, తోడుగా వచ్చే తల్లిదండ్రుల్ని కూడా నేనే చూసుకుంటాను. సెప్టెంబరు ఆఖరులోగా ఎంతమంది వస్తారో చెబితే బస్సు మాట్లాడుకోవడానికి వీలవుతుంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

మిచిగన్ నుంచి ఒక తెలుగు టీచరు